ఫుకెట్ కథ, వైజాగ్ బడ్జెట్: ఫారిన్ టూరిస్ట్ రొమాంటిక్ కామెడీని తక్కువలో తీయడం ఎలా?

తాటిచెట్లపాలెం_టాకీస్:

అందరికీ నమస్కారం. మా టీమ్ దగ్గర స్క్రిప్ట్ రెడీగా ఉంది. గాజువాక కుర్రాడు ఒంటరిగా ఫుకెట్ టూర్‌కి వెళ్తాడు. రెండో రోజే పాస్‌పోర్ట్ పోతుంది. హోటల్ రిసెప్షన్‌లో పనిచేసే థాయ్ అమ్మాయి సాయం చేస్తుంది. ఇద్దరికీ వచ్చీరాని ఇంగ్లీషే దిక్కు. సెకండాఫ్‌లో ఇద్దరూ కలిసి మలేషియా వెళ్తారు, క్లైమాక్స్ వైజాగ్ ఎయిర్‌పోర్ట్‌లో. నిడివి 110 నిమిషాలు, మొత్తం 62 సీన్లు, అందులో 41 ఫుకెట్‌లో జరుగుతాయి.

బడ్జెట్ 90 లక్షలు. 22 మంది యూనిట్‌ని 20 రోజులు అక్కడ ఉంచితే తిండికీ టికెట్లకీ తప్ప సినిమాకి ఏమీ మిగలదు. ఎన్ని సీన్లు వైజాగ్‌లోనే తీసి ఫుకెట్ అని నమ్మించొచ్చు? టూరిస్టుల్లా వెళ్లి చిన్న మిర్రర్‌లెస్ కెమెరాతో లాగించేయమని కొందరు అంటున్నారు, అది కుదిరే పనేనా? సింక్ సౌండ్ (షూటింగ్‌లోనే మాటలు రికార్డు చేయడం) పెట్టుకోవాలా, డబ్బింగ్‌కి వెళ్లాలా?

వన్‌లైన్_ఆర్డర్:

41 అనే అంకె చూసి కంగారు పడొద్దు. సీన్ పేపర్లు ముందేసుకుని ప్రతి సీన్‌కీ ఒక్కటే అడగండి: ఆర్టిస్టు మొహం, ఫుకెట్ ఊరు, రెండూ ఒకే ఫ్రేమ్‌లో కనబడి తీరాలా? తీరాలంటేనే అది ఫారిన్ షెడ్యూల్‌లోకి వెళ్తుంది. రిసెప్షన్, హోటల్ గది, పోలీస్ స్టేషన్ లోపల, కారు లోపల, రాత్రి మేడ మీద మాటలు, ఇవన్నీ నాలుగు గోడల వ్యవహారం. మీ కథలో ఇలాంటివి 25 దాకా తేలతాయి. మిగిలిన 16లోనూ సీన్ మొత్తం అక్కడే తీయక్కర్లేదు. ఎంట్రీ, ఊరు కనబడే వైడ్, ఇద్దరూ కలిసి ఉన్న ఒక టూ షాట్ అక్కడ తీసి, క్లోజప్‌లలో నడిచే మాటలు ఇక్కడ తీసుకోవచ్చు. రొమాంటిక్ కామెడీ బలం మాటల్లోనూ మొహాల్లోనూ ఉంటుంది కాబట్టి ఈ జానర్‌కి ఈ పద్ధతి బాగా నప్పుతుంది.

అలా చేస్తే అక్కడ 8 షూటింగ్ రోజులు చాలు. రాకపోకలకి 2, వానకి 1 కలుపుకోండి. ఇక్కడి నుంచి 9 మంది వెళ్తే సరిపోతుంది: హీరో, హీరోయిన్, డైరెక్టర్, కెమెరామన్ (డీఓపీ), ఫోకస్ పుల్లర్, సౌండ్, కంటిన్యుటీ చూసే కో డైరెక్టర్, మేకప్ కాస్ట్యూమ్స్ కలిపి ఒకరు, మేనేజర్. లైట్‌మెన్, డ్రైవర్లు అక్కడివాళ్లే. హీరోయిన్ ఎక్కడి నటో ముందే తేల్చుకోండి. థాయ్ నటి అయితే ఇక్కడ తీసే ఇంటీరియర్లకి ఆవిడ పనికి తగిన వీసా మీద రావాలి, టూరిస్ట్ వీసా మీద వచ్చి నటించకూడదు. వీసా తేలకపోతే మీ 25 సీన్ల లెక్క మొత్తం తలకిందులవుతుంది.

కలిసొచ్చేవి చెప్తాను. థాయ్‌లాండ్‌లోనూ బండ్లు ఎడమవైపే నడుస్తాయి, స్టీరింగ్ కుడివైపే ఉంటుంది. కారు లోపలి సీన్లు మన కారులోనే అయిపోతాయి. కథ వియత్నాంలోనో దుబాయ్‌లోనో పెట్టుకుంటే ఈ వెసులుబాటు లేదు. కరెంటు కూడా 50 హెర్ట్జే. సెకనుకి 24 ఫ్రేములకి షట్టర్ 172.8 డిగ్రీలు, అంటే సెకనులో 1/50 వంతు పెట్టుకుంటే రెండు చోట్లా ట్యూబ్‌లైట్లు మిణుకుమనవు. ఎల్‌ఈడీ బోర్డులకి మాత్రం ముందు ఒక టెస్ట్ షాట్ తీసి చూసుకోవాలి.

పట్టిచ్చేసేవి చిన్న వస్తువులు. మంచం పక్కన మన గుండ్రటి మూడు కన్నాల సాకెట్ కనబడిందంటే ఆ గది ఏ ద్వారకానగర్ లాడ్జిదో ఇట్టే తెలిసిపోతుంది. అక్కడి సాకెట్‌లో బల్లపరుపు పిన్నూ గుండ్రటి పిన్నూ రెండూ పడతాయి, పక్కన స్విచ్ ఉండదు. స్విచ్ లేని యూనివర్సల్ సాకెట్ ప్లేటు బిగించి, ఫ్యాన్ రెగ్యులేటర్‌ని ఫ్రేమ్‌లోంచి తప్పించండి. రోడ్డు మీద ఫుట్‌పాత్ అంచు చూసుకోండి. అక్కడ పార్కింగ్ కూడదంటే ఎరుపు తెలుపు చారలు, కాసేపే ఆగాలంటే పసుపు తెలుపు. మన నలుపు చారల అంచు ఫ్రేమ్‌లోకి వస్తే దొరికిపోతారు. థాయ్ నంబర్ ప్లేటు కావాలంటే గేటు లోపల, ప్రైవేటు స్థలంలో మాత్రమే తగిలించండి. దొంగ ప్లేటుతో పబ్లిక్ రోడ్డు ఎక్కితే కేసవుతుంది.

ఇక సముద్రం. పటాంగ్, కటా, కరోన్ బీచ్‌లు పడమర ముఖం. సూర్యుడు నీళ్లలోకి దిగడమే వాటి అందం. మన తీరంలో సూర్యుడు నీళ్లలోంచి లేస్తాడు. అయినా ఫుకెట్ సాయంత్రాన్ని రుషికొండ దగ్గర పొద్దున్నే తీయొచ్చు, కాకపోతే షాట్ల వరస తిరగేయాలి. అస్తమయంలో వెలుతురు తెలుపు నుంచి బంగారానికి, ఎరుపుకి వెళ్తుంది, ఉదయం దానికి ఎదురు నడుస్తుంది. అందుకని సీన్‌లో ఆఖరి షాట్ ముందు తీసి, మొదటి షాట్ చివర్లో తీయాలి. ఆర్టిస్టులకి డైలాగులు వెనక నుంచి ముందుకి పట్టుబడేలా ముందురోజే రిహార్సల్ చేయించండి. జనవరిలో సూర్యోదయం ఆరున్నర ప్రాంతంలో, పనికొచ్చే వెలుతురు 40 నిమిషాలు మించదు. షాట్‌ని ఎడిటింగ్‌లో రివర్స్ చేసే ఆలోచన పెట్టుకోవద్దు, అలలు వెనక్కి పోతాయి.

ఇసుక వైడ్‌గా చూపించకండి. మన తీరంలో, ముఖ్యంగా భీమిలి వైపు, ఇల్మెనైట్ లాంటి బరువు ఖనిజాల వల్ల నల్లటి చారలు తేలతాయి, ఫుకెట్ ఇసుక తెల్లగా ఉంటుంది. నడుము పైనుంచి ఫ్రేమ్ పెట్టి వెనక సముద్రం ఉంచండి. తాటిచెట్టు ఫ్రేమ్‌లోకి వస్తే ఉత్తరాంధ్ర అని అరిచి చెప్తుంది, సరుగుడు తోట అయితే రెండు ఊళ్లకీ సరిపోతుంది.

పర్మిషన్ల_ఫైలు:

టూరిస్టుల్లా వెళ్లి లాగించేయడం గురించి: దయచేసి వద్దు. థాయ్‌లాండ్ 2008 ఫిల్మ్ చట్టం ప్రకారం విదేశీ యూనిట్ అక్కడి పర్యాటక శాఖ కింద ఉన్న థాయ్‌లాండ్ ఫిల్మ్ ఆఫీసు అనుమతి తీసుకోవాలి. దరఖాస్తు అక్కడ నమోదైన లోకల్ కోఆర్డినేటర్ ద్వారానే వెళ్లాలి. స్క్రిప్ట్, లొకేషన్ల వారీ షెడ్యూల్, యూనిట్ లిస్టు, సామాను లిస్టు ఇవ్వాలి. షూటింగ్‌లో వాళ్ల అధికారి ఒకరు వెంట ఉంటారు, ఆయన ఖర్చు మన మీదే, బడ్జెట్‌లో ఆ వరస రాసుకోండి. మీ 9 మందికి పని చేసే హక్కు కాగితాలు కూడా కోఆర్డినేటరే చూస్తాడు. అనుమతి లేకుండా తీస్తే అక్కడే ఆపేయొచ్చు. ఆపకపోయినా, రేపు సినిమా కొనేటప్పుడు ఓటీటీ వాళ్లు లొకేషన్ అనుమతులు, రిలీజ్ పత్రాలు (వాడుకోవడానికి ఒప్పుకుంటూ చేసిన సంతకాలు) అడుగుతారు. ఫైలు ఖాళీగా ఉంటే బేరం అక్కడితో ఆగిపోతుంది.

సముద్రంలో సున్నపురాయి కొండలు కావాలనుకుంటే అవి ఆవ్ ఫాంగ్ ఙా జాతీయ పార్కులో ఉన్నాయి, దానికి నేషనల్ పార్కుల శాఖ అనుమతి వేరు. డ్రోన్‌కి పౌర విమానయాన సంస్థ దగ్గరా, ప్రసార టెలికాం సంస్థ దగ్గరా, రెండు చోట్లా రిజిస్ట్రేషన్ కావాలి. మీ స్థాయికి అక్కడి లైసెన్సున్న ఆపరేటర్‌ని ఒక్క రోజు మాట్లాడుకోవడమే చవక.

కెమెరా సామానుకి ఏటీఏ కార్నెట్ తీసుకోండి, అంటే సామాను సుంకం కట్టకుండా తాత్కాలికంగా విదేశానికి తీసుకెళ్లి తెచ్చుకునే కస్టమ్స్ పత్రం. మన దేశంలో ఫిక్కీ ఇస్తుంది, గడువు ఏడాది. ప్రతి లెన్సు సీరియల్ నంబర్ లిస్టులో ఉండాలి. ఇక్కడి నుంచి బయల్దేరేటప్పుడూ తిరిగొచ్చేటప్పుడూ పసుపు కాగితాలు, అక్కడ దిగేటప్పుడూ ఎక్కేటప్పుడూ తెల్ల కాగితాలు. నాలుగు చోట్లా కస్టమ్స్ ముద్ర పడాలి. తిరుగు ప్రయాణంలో హడావిడిగా తెల్ల కాగితం మీద ముద్ర మర్చిపోతారు. అప్పుడు సామాను థాయ్‌లాండ్‌లోనే ఉండిపోయినట్టు లెక్క, సుంకం నోటీసు వస్తుంది. ఫ్లైట్‌కి నాలుగు గంటల ముందు ఎయిర్‌పోర్ట్‌లో ఉండండి.

బ్యాటరీలు చెక్ ఇన్ లగేజీలో వేయకూడదు, చేతి సంచీలోనే. 100 వాట్ అవర్ లోపు అయితే ఇబ్బంది ఉండదు. 14.4 వోల్టుల 6.8 ఆంపియర్ అవర్ వీ మౌంట్ (కెమెరా వెనక తగిలించే బ్యాటరీ) 98 వాట్ అవర్లు వస్తుంది, అలాంటివే తీసుకోండి. 160 దాటితే విమానం ఎక్కనివ్వరు.

ఇక వైజాగ్ ఎయిర్‌పోర్ట్ క్లైమాక్స్. అది నేవీ వాళ్ల విమాన స్థావరం ఐఎన్ఎస్ డేగాలో ఉంది, అక్కడ షూటింగ్ ఆశ పెట్టుకోవద్దు. రుషికొండ ఐటీ కొండ మీద గాజు ముందుభాగం ఉన్న భవనం అద్దెకి తీసుకుని, ట్రాలీలు నాలుగు, డిస్‌ప్లే బోర్డు ఒకటి పెట్టి డిపార్చర్ గేటు చేసుకోండి. డ్రోన్‌కి నేవీ స్థావరాల చుట్టూ 3 కిలోమీటర్ల నిషేధం ఉంది, ఎగరేసే ముందు ప్రభుత్వ డ్రోన్ మ్యాపు డిజిటల్ స్కై చూడండి. కైలాసగిరికి నగరాభివృద్ధి సంస్థ వీఎంఆర్‌డీఏ, రోడ్ల మీదకి నగరపాలక సంస్థ జీవీఎంసీ, పోలీస్ కమిషనరేట్ అనుమతులు కావాలి. ఉదయం ఆర్‌కే బీచ్ రోడ్డులో నడకవాళ్ల కోసం బండ్లు ఆపేస్తారు, సామాను వ్యాను అంతకుముందే లోపల ఉండాలి.

బూమ్_రాడ్:

కామెడీకి సింక్ సౌండే. మాటకి మాట తగిలే టైమింగ్ డబ్బింగ్ థియేటర్‌లో మళ్లీ పుట్టించడం చాలా కష్టం, పైగా మీ హీరోయిన్ తడబడే ఇంగ్లీషు సహజంగా వచ్చేది స్పాట్‌లోనే. ఇద్దరికీ చెరో లేపెల్ (చొక్కాకి తగిలించే మైకు), పైన ఒక బూమ్ (కర్రకి కట్టిన మైకు), మూడూ వేర్వేరు ట్రాకుల్లో, 48 కిలోహెర్ట్జ్. 32 బిట్ ఫ్లోట్ రికార్డర్ దొరికితే తీసుకోండి, గుసగుస మధ్యలో హీరో ఒక్కసారిగా అరిచినా ట్రాకు చెడిపోదు.

అలల హోరుని మాత్రం సాఫ్ట్‌వేరుతో శుభ్రంగా తీయడం కష్టం, ఎందుకంటే అది మాట ఉన్న ఫ్రీక్వెన్సీలన్నింట్లోనూ పరుచుకుని ఉంటుంది. బీచ్‌లో మాటల సీన్ అయితే ఆర్టిస్టులని నీళ్ల అంచుకి 40 అడుగులు వెనక్కి పెట్టి లాంగ్ లెన్సుతో దగ్గరగా చూపించండి. అక్కడి లాంగ్‌టెయిల్ బోటు ఇంజన్ బయటే మోగుతుంది, దాని మీద మాట పెట్టకండి, పాటో మాంటేజో పెట్టుకోండి. ఓకే అయిన ప్రతి టేకు తర్వాత ఆర్టిస్టులని అద్దాలు ఎత్తిన కారులో కూర్చోబెట్టి అవే డైలాగులు రెండుసార్లు చెప్పించి రికార్డు చేయండి. ఆ వేడిలో ఉన్న గొంతు రెండు నెలల తర్వాత దొరకదు. లొకేషన్ వదిలే ముందు అందరూ కదలకుండా ఒక నిమిషం ఊరి శబ్దం తీసుకోండి. వైజాగ్‌లో తీసే క్లోజప్‌ల కింద ఆ శబ్దం పరిస్తేనే రెండు చోట్ల షాట్లూ అతుకుతాయి.

తాటిచెట్లపాలెం_టాకీస్:

ఇంత ఓపికగా రాసినందుకు అందరికీ ధన్యవాదాలు. టూరిస్ట్ వీసా ఆలోచన ఈరోజుతో వదిలేశాం. ఇంకొక్కటి: కామెడీ ట్రాక్‌లో హీరో ఏనుగు ఎక్కి జారిపడే సీన్, గాలికి ఎగిరిపోతున్న థాయ్ నోటుని కాలితో తొక్కి ఆపే గ్యాగ్ ఉన్నాయి. ఉంచొచ్చా?

సీన్_పేపర్:

నోటు గ్యాగ్ తీసేయండి. ఆ నోటు మీద ఉన్నది వాళ్ల రాజుగారి బొమ్మ, దాన్ని కాలితో తొక్కడం అక్కడ ఘోరమైన అవమానం, రాజుని అవమానిస్తే జైలు శిక్ష కూడా ఉంది. స్క్రిప్ట్ పరిశీలనలోనే ఆగిపోతారు. బుద్ధ విగ్రహాల దగ్గర కామెడీ కూడా అంతే. గ్యాగ్ కావాలంటే ఎగిరేది హోటల్ బిల్లు అనుకోండి, హీరో పడే పాట్లు ఏమీ తగ్గవు.

ఏనుగు వద్దు. సినిమాలో జంతువుని వాడితే షూటింగ్‌కి ముందే యానిమల్ వెల్ఫేర్ బోర్డు అనుమతి, తర్వాత ఎన్‌ఓసీ కావాలి, ఆ కాగితం లేకపోతే సెన్సార్ సర్టిఫికెట్ ఆగుతుంది. మీ బడ్జెట్‌లో ఒక్క జోకు కోసం అంత దూరం వెళ్లక్కర్లేదు.

అంతకంటే పెద్ద చిక్కు మీ సెకండాఫ్‌లో ఉంది. పాస్‌పోర్ట్ పోయినవాడికి పోలీస్ రిపోర్టు చూపిస్తే భారత రాయబార కార్యాలయం త్వరగా ఇచ్చేది ఎమర్జెన్సీ సర్టిఫికెట్. అది ఇండియాకి తిరిగి రావడానికి మాత్రమే, ఒక్కసారికే. దానితో మలేషియా వెళ్లలేడు. ఆ సీన్లు చూసి ఫారిన్ తిరిగిన ప్రేక్షకుడు నవ్వు ఆపేసి లెక్కలు అడుగుతాడు. మలేషియా తీసేస్తే ఒక దేశం ఖర్చు మిగులుతుంది, కథకి గడువు కూడా దొరుకుతుంది: సర్టిఫికెట్ చేతికొచ్చిన క్షణం నుంచి హీరో వెళ్లిపోవాల్సిందే. రాయబార కార్యాలయం బ్యాంకాక్‌లో ఉంది, ఫుకెట్ నుంచి రోడ్డు మీద దాదాపు 840 కిలోమీటర్లు. ఆ రాత్రి బస్సు ప్రయాణమే మీ సెకండాఫ్ ప్రేమకథ, పైగా బస్సు లోపల అంతా వైజాగ్‌లోనే తీసుకోవచ్చు. ఉండిపోవాలని తన్నుకులాడే హీరోకి ఓవర్‌స్టే జరిమానా రోజుకి 500 బాత్, గరిష్ఠం 20,000. జేబులో ఉన్నది లెక్కేసుకుంటూ ఇంకెన్ని రోజులు ప్రేమించొచ్చో వేళ్ల మీద లెక్కపెట్టే సీన్ రాయండి, అది ఏనుగు కంటే బాగా పేలుతుంది.

ఆ అమ్మాయి యాస మీద జోకులు రాయకండి. ఇంగ్లీషు రానిది ఇద్దరికీ, నవ్వు ఇద్దరి మధ్యా సమానంగా పంచండి. బార్ సీన్‌లో సిగరెట్ ఎవరి చేతిలోనూ ఉండకుండా చూసుకోండి, ఉంటే షాటు నడిచినంతసేపూ హెచ్చరిక వేయాల్సిందే. రొమాంటిక్ సీన్ కింద ఆ అక్షరాలు మూడ్ మొత్తం చెడగొడతాయి.

వన్‌లైన్_ఆర్డర్:

బస్సు ఐడియా చాలా బావుంది. బస్సుని గ్యారేజీలో నిలబెట్టి, కిటికీల బయట రెండు లైట్లు వెనక్కి కదిలిస్తూ, ఇద్దరు బస్సు చివరల్ని సన్నగా ఊపితే రాత్రి ప్రయాణం వచ్చేస్తుంది.

షెడ్యూల్ వరస మాత్రం జాగ్రత్త. ఫుకెట్ ముందు, వైజాగ్ తర్వాత పెట్టండి. అక్కడి వైడ్ షాట్ చూసుకుంటూ ఇక్కడి క్లోజప్‌కి లైటింగ్ కలుపుకోవచ్చు, తిరగేస్తే కలపలేరు. రెండు ఊళ్లకీ వాతావరణం కలిసేది జనవరి, ఫిబ్రవరి. మే నుంచి అక్టోబర్ దాకా అక్కడ వాన, అక్టోబర్ నవంబర్‌లలో ఇక్కడ తుపాన్లు. ప్రతి కాస్ట్యూమ్ రెండు జతలు కొనండి, తడిసే సీన్‌కి మూడు. ఎనిమిది రోజుల ఎండకి హీరో రంగు మారుతుంది కాబట్టి గాజువాక ఇంటి సీన్లు, అంటే కథలో మొదట వచ్చేవి, వైజాగ్ షెడ్యూల్‌లో అన్నిటికంటే చివర పెట్టుకోండి. కెమెరా మెమరీ కార్డులు ఏ రాత్రికారాత్రి రెండు డిస్కుల్లోకి ఎక్కించండి. యూహెచ్‌డీ సైజులో ప్రోరెస్ 422 అనే వీడియో ఫార్మాట్ గంటకి 212 జీబీ తింటుంది, ఆ లెక్కన రోజుకి రెండు గంటల ఫుటేజీకి ఒక్కో డిస్కులో అర టెరాబైట్ ఖాళీ ఉంచుకోండి. రెండు డిస్కులూ ఒకే మనిషి సంచీలో తిరుగు ప్రయాణం చేయకూడదు.