సమస్యాపూరణం: "మూడవదియయ్యు మొదటిదై మ్రోగె పాట"

కవిమిత్రులకు నమస్కారం. ఈ వారం సమస్య, అంటే పద్యం చివర రావాల్సిన పాదం, తేటగీతి ఛందస్సులో ఉంది. విషయం మెక్సికో ప్రేమగీతాల గాయకుడు హోసే హోసే. 1970 మార్చి 15న మెక్సికో నగరంలోని తియాత్రో ఫెర్రోకార్రిలేరోలో లాటిన్ పాటల పోటీ జరిగింది. రొబేర్తో కాంతొరాల్ రాసిన 'ఎల్ త్రీస్తే' పాటను 22 ఏళ్ల హోసే అక్కడ పాడాడు. సభ హోరెత్తింది. న్యాయనిర్ణేతలు మాత్రం మూడో స్థానం ఇచ్చారు. ఆ రాత్రి పాటల్లో జనం నోట నిలిచింది ఇదే. నాకు ఎంతో ఇష్టమైన గొంతు. పూరణలు మనసుపెట్టి రాయండి.

మొదటి పూరణ:

మెక్సికో నగరమ్మున మెరిసె నొకడు
వేదికను నిల్చి యెద విప్పి వెతను పాడె
తీర్పులం దేమి యున్నను దేశమెల్ల
మూడవదియయ్యు మొదటిదై మ్రోగె పాట

నిర్వాహకుడు: బాగుంది, అభినందనలు. 'యెద విప్పి' అన్న మాట ఈ గాయకుడికి సరిగ్గా సరిపోయింది. పొడవైన చరణాన్ని ఒకే ఊపిరితో లాగి, చివర కూడా గొంతు సడలనివ్వకపోవడం అతని ప్రత్యేకత. అయితే 'ఒకడు' అంటే ఎవరైనా కావచ్చు కదా. 'మెరిసె హోసె' అనండి, గణం (లఘుగురువుల కూర్పు) చెడదు. చివరి దీర్ఘం కుదించక తప్పదు. పరభాషా పేర్లకు ఆ వెసులుబాటు ఇద్దాం.

ఒక సభ్యురాలు: తీర్పుల మాట వచ్చాక మళ్లీ 'మూడవది' అనడం పునరుక్తి కాదా అన్నయ్య గారూ?

నిర్వాహకుడు: కాదమ్మా. ఆ తీర్పు ఏమిటో తెలిసేది నాలుగో పాదంలోనే.

రెండో పూరణ:

తండ్రి పేరును తన పేర దాల్చినాడు
కంటి నీటిని రాగాన మలచినాడు
బహుమతుల లెక్క యేమైన ప్రజల యెదను
మూడవదియయ్యు మొదటిదై మ్రోగె పాట

నిర్వాహకుడు: రెండో పాదంలో యతి (పాదం మొదటి అక్షరానికి మధ్యలో కుదరాల్సిన అక్షరమైత్రి) తప్పింది. 'కం'కు 'మ' చెల్లదు. 'కలిపినాడు' అంటే యతీ కుదురుతుంది, భావమూ చిక్కబడుతుంది. మొదటి పాదం మాత్రం నన్ను కదిలించింది. తండ్రి ఒపెరా గాయకుడు, తల్లి పియానో వాయించేవారు. తండ్రి ఇల్లు వదిలి వెళ్లాడు, తాగుడుకు లోనై 1968లో పోయాడు. అలాంటి తండ్రి పేరునే కొడుకు తన పేరు పక్కన ఇంకోసారి పెట్టుకున్నాడు. హోసే హోసే అయ్యాడు. ఇంత కథను ఒక్క పాదంలో పట్టారు మాస్టారూ!

మరో సభ్యుడు: 'మూడవది'ని మూడో స్వరంగా తీసుకోవచ్చా? మోహన రాగంలో మూడో స్వరమైన గాంధారాన్ని షడ్జం చేస్తే హిందోళ రాగం వస్తుంది కదా.

నిర్వాహకుడు: ఇలా షడ్జాన్ని మార్చి వేరే రాగం తెచ్చే గ్రహభేదంతో పూరణ అద్భుతంగా ఉంటుంది. కానీ ఈసారి హోసే పద్యంలో ఉండాలి. దీన్ని విడిగా రాసి పంపండి.

మూడో పూరణ:

స్వరము సన్నగిలెను మద్యసంగతమున
తనువు విడిచెను పరదేశ ధరణి మీద
నేటికిని వీధి వీధిలో నిండుగాను
మూడవదియయ్యు మొదటిదై మ్రోగె పాట

నిర్వాహకుడు: ఈ మూడింటిలో నాకు నచ్చింది ఇదే. పోటీ రాత్రి దగ్గర ఆగకుండా మొత్తం జీవితాన్ని తీసుకుంది. 2019 సెప్టెంబరు 28న ఫ్లోరిడాలో, 71వ ఏట కన్నుమూశాడు. చితాభస్మంలో కొంత మెక్సికోకు చేరింది. మెక్సికో నగరంలోని కళాభవనం పలాసియో దె బెయాస్ ఆర్తెస్‌లో జనం బారులు తీరి నివాళి అర్పించారు. 'పరదేశ ధరణి' అన్న మాటలో ఆ బాధ అంతా ఉంది.

ఇంకో సభ్యురాలు: నాకొక అభ్యంతరం. తప్పంతా మద్యం మీదే వేయడం అన్యాయం. 1970ల మొదట్లో వచ్చిన నిమోనియా కూడా అతని ఊపిరిని దెబ్బతీసింది.

నిర్వాహకుడు: న్యాయమైన మాట. 'సన్నగిలె రుజల సంగతమున' అంటే నలం (నాలుగు లఘువుల గణం) పడి గణం నిలుస్తుంది, వ్యసనం, జబ్బు రెండూ అందులో ఇముడుతాయి. పద్యకర్త ఒప్పుకుంటే ఇలా మారుద్దాం.

పద్యకర్త: తప్పకుండా. అలాగే ఉంచండి.

నిర్వాహకుడు: అందరూ 1970 చుట్టూనే తిరుగుతున్నారు. స్పెయిన్ రచయిత మనువేల్ అలెహాంద్రోతో చేసిన 1983 నాటి 'సెక్రేతోస్' ఆల్బంను ఒక్కరూ తాకలేదు. హోసే గొంతులోని పరిణతి వినాలంటే అదే వినాలి. ఆదివారం దాకా గడువు ఉంది. ఆ పాటలు విని ఇంకొన్ని పూరణలు పంపండి.