తుఫానుకు కరెంటు పోతే ఊరికి ఆసరా: సామాజిక భవనంలో ఏమేమి సిద్ధం చేయాలి?

ప్రశ్న (ఉద్దానం వాసి):
అందరికీ నమస్కారం. మాది శ్రీకాకుళం జిల్లా వజ్రపుకొత్తూరు మండలంలోని ఒక ఊరు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను మా దగ్గరే తీరం దాటింది. కొబ్బరి, జీడి చెట్లతో పాటు కరెంటు స్తంభాలు కూడా వరుసగా నేలకొరగడంతో మా ఊరికి మళ్ళీ విద్యుత్తు రావడానికి రెండు వారాలు పట్టింది. ట్రాక్టరు బ్యాటరీకి వైర్లు తగిలించి ఫోన్లు చార్జి చేసుకున్న రోజులవి. అటువంటి పరిస్థితి మళ్ళీ వస్తే ఊరందరికీ పనికివచ్చేలా సామాజిక భవనంలో ఒక కేంద్రం ఏర్పాటు చేయాలని మా యువజన సంఘం సంకల్పించింది. చందాల రూపంలో లక్షన్నర రూపాయలు పోగయ్యాయి. భవనం మీద ఇప్పటికే 3 కిలోవాట్ల సోలార్ పలకలున్నాయి కనుక, ఆ సొమ్మంతా జనరేటరుకే వెచ్చించవచ్చా?

జవాబు 1 (విశ్రాంత లైన్ ఇన్‌స్పెక్టర్):
ముందు ఆ సోలార్ పలకలకు బ్యాటరీ ఉందో లేదో చూడండి. నెట్ మీటరుతో (లైనులోకి పంపిన కరెంటునూ లెక్కగట్టే మీటరు) లైనుకు కలిపిన పలకలైతే, ఎండ ఎంత కాస్తున్నా సరే, లైనులో కరెంటు పోయిన మరుక్షణం వాటి ఇన్వర్టరు తనంతట తానే ఆగిపోతుంది. స్తంభం మీద పనిచేసే లైన్‌మన్‌కు ప్రమాదం కలగకూడదని అలా తయారుచేస్తారు. అంటే సరిగ్గా తుఫాను రోజునే అవి మీకు అక్కరకు రావు. బ్యాటరీతో నడిచే హైబ్రిడ్ ఇన్వర్టరు పెట్టించుకుంటేనే ప్రయోజనం.

12 వోల్టుల 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్) ట్యూబులర్ బ్యాటరీలో 1800 వాట్ అవర్ల శక్తి ఉంటుంది గానీ, అది ఎక్కువ కాలం మన్నాలంటే సగానికి మించి వాడకూడదు. ఆ సగం, అంటే 900 వాట్ అవర్లతో 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బులు పది, ఐదు గంటలపాటు వెలుగుతాయి. మిగిలినదానితో ఇరవై దాకా ఫోన్లు నిండుతాయి. ఊరందరి ఫోన్లకూ ఒక్క బ్యాటరీ చాలదని దీన్నిబట్టే తెలుస్తుంది. జనరేటరు పెట్టినా, బ్యాటరీ పెట్టినా చేంజోవర్ స్విచ్ (లైను కరెంటూ, మన కరెంటూ కలవకుండా ఏదో ఒకదానికే మార్చే స్విచ్) తప్పనిసరి. నా సర్వీసులో నేను అన్నిటికన్నా ఎక్కువగా భయపడింది, ఎవరో ఇంట్లో జనరేటరును ప్లగ్గు పాయింటుకు కలిపేసి, ఆ కరెంటు వెనక్కి లైనులోకి వచ్చే సందర్భాలకే. జనరేటరును గదిలో గాని, వరండాలో గాని నడపవద్దు. ఆ పొగ ప్రాణాంతకం.

జవాబు 2 (ఏఎన్‌ఎం):
మీ ప్రాంతంలో కిడ్నీ రోగులు ఎక్కువ. కేంద్రంలో డయాలసిస్ చేయడం సాధ్యం కాదు కాబట్టి, ఎవరికి ఏ రోజున డయాలసిస్ ఉందో ఒక పుస్తకంలో రాసి ఉంచి, తుఫాను హెచ్చరిక రాగానే వారిని ఆస్పత్రికి దగ్గరగా ఉన్న బంధువుల ఇంటికి చేర్చాలి. దారికి అడ్డంగా పడే చెట్లను కోయడానికి ఒక రంపపు మిషను కూడా కొనిపెట్టుకోండి. వాడకం మొదలుపెట్టిన ఇన్సులిన్ సీసా ఎండ తగలని చల్లని చోట సుమారు నాలుగు వారాలు నిలుస్తుంది; తడిపిన మట్టికుండలో పెడితే చాలు. తెరవని సీసాలకు మాత్రం ఫ్రిజ్ కావాలి. ఇంట్లో ఆక్సిజన్ కాన్సంట్రేటర్ (గాలి నుంచి ఆక్సిజన్‌ను వేరుచేసి ఇచ్చే యంత్రం) వాడేవారు ఉంటే వారికి సిలిండరు సిద్ధంగా ఉంచాలి. ఆ యంత్రం సుమారు 350 వాట్లు తీసుకుంటుంది గనుక, పై జవాబులో లెక్కగట్టిన బ్యాటరీ రెండున్నర గంటల్లోనే ఖాళీ అవుతుంది.

జవాబు 3 (కోనసీమ రైతు):
అందరూ దీపాల గురించీ ఫోన్ల గురించే మాట్లాడుతున్నారు. మూడో రోజుకు మీ ఊరు అడిగేది నీళ్ళు. ట్యాంకుకు నీరెక్కించే 5 హెచ్‌పీ త్రీఫేజ్ మోటారు మొదలయ్యేటప్పుడు మామూలుకన్నా కొన్ని రెట్లు ఎక్కువ కరెంటు లాగుతుంది కనుక, చిన్న పెట్రోలు జనరేటరు దాన్ని తిప్పలేదు. దానికి 15 కేవీఏ (జనరేటరు సామర్థ్యాన్ని కొలిచే లెక్క) జనరేటరు ఉంటే నిశ్చింత. మేము కొనలేదు. పెళ్ళిళ్ళకు జనరేటర్లు సప్లై చేసే టెంట్‌హౌస్ యజమానితో, హెచ్చరిక వచ్చిన రోజే బండి మా ఊరికి చేర్చేలా ముందే ఒప్పందం చేసుకున్నాం. తుఫాను కాలంలో పెళ్ళిళ్ళు తక్కువ, ఆయనకూ గిట్టుబాటే. ఇంకొక మాట: భవనం తాళంచెవి ఒక్కరి దగ్గరే ఉంచకండి. మా ఊళ్ళో ఒకసారి తాళంచెవి ఉన్నాయన వానకు ముందే అత్తవారి ఊరు వెళ్ళారు, మేము తలుపు పగలగొట్టవలసి వచ్చింది.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. ఈ ఉదయం చూస్తే మా సోలార్ పలకలకు నిజంగానే బ్యాటరీ లేదు. జనరేటరు ఆలోచన మానుకుని, ఆ సొమ్ముతో హైబ్రిడ్ ఇన్వర్టరు, రెండు బ్యాటరీలు, చేంజోవర్ స్విచ్ కొనాలని, మోటారుకు మాత్రం టెంట్‌హౌస్ వారితో మాట్లాడాలని సంఘం నిర్ణయించింది. లైన్ ఇన్‌స్పెక్టర్ గారూ, ఆ అద్దె జనరేటరును కలపడానికి మోటారు షెడ్డులో కూడా విడిగా త్రీఫేజ్ చేంజోవర్ పెట్టించాలి కదా?

జవాబు 1 (విశ్రాంత లైన్ ఇన్‌స్పెక్టర్):
తప్పకుండా పెట్టించాలండీ. ఇప్పుడే ఒకసారి జనరేటరు తెప్పించి మోటారు తిరిగే దిశ సరిచూసుకుని, ఏ వైరు ఏ ఫేజుకో రంగు గుర్తులు వేయించండి. ఫేజులు తారుమారైతే మోటారు వెనక్కి తిరిగి, నీరు పైకి ఎక్కదు.