క్వాడ్ వెనక యాక్సిల్ బేరింగులు పదే పదే పోతున్నాయి, ఎక్కడ వెతకాలి?

బురదబండి:
చైన్ డ్రైవ్ స్పోర్ట్ క్వాడ్ (నాలుగు చక్రాల ఆఫ్‌రోడ్ బండి). వెనక సాలిడ్ యాక్సిల్, అల్యూమినియం క్యారియర్‌లో (బేరింగులు కూర్చునే భాగం) రెండు 6008 2ఆర్ఎస్ బేరింగులు (బయటి వ్యాసం 68 మి.మీ., రెండు వైపులా రబ్బరు మూత). కొత్తవి వేసిన కొద్ది రోజులకే చక్రం పట్టుకుని ఊపితే ప్లే తెలుస్తోంది. ముందు పోయేది ఎప్పుడూ బ్రేకు డిస్క్ వైపుదే. ఆయిల్ సీళ్లు కూడా ప్రతిసారీ కొత్తవే వేస్తున్నా. చక్రాలకు ఒక్కో వైపు 50 మి.మీ. వీల్ స్పేసర్లు (చక్రాన్ని బయటికి జరిపే దిమ్మలు) ఉన్నాయి. బేరింగ్ కంపెనీ మార్చడం తప్ప ఇంకేం చూడాలి?

లేత్‌పని:
కంపెనీ సంగతి తర్వాత. పోయిన బేరింగులు పారేయకండి, కారణం వాటి మీదే రాసి ఉంటుంది. ఏది ఏ వైపుదో, ఏ ముఖం బయటికి ఉందో గుర్తు పెట్టి, రబ్బరు షీల్డు పీకి, ముందు గ్రీజు చూసి, తర్వాత డీజిల్‌తో కడిగి, గ్రైండర్‌తో రేసులు (బాల్స్ నడిచే లోపలి, బయటి రింగులు) కోసి చూడండి.

గ్రీజు గోధుమరంగు ముద్దలా ఉంటే నీళ్లు దిగాయి. అప్పుడు సీల్ మార్చి ఊరుకుంటే లాభం లేదు, సీల్ పెదవి ఆనే చోట గోరు పెట్టి గీయండి. గాడి తగిలితే కొత్త సీల్ కూడా ఆపలేదు. రేసు మీద బాల్స్ ఎడం ఎంతో అంత ఎడంలో గుంటలు పడితే బిగించేటప్పుడు సుత్తి దెబ్బ బాల్స్ గుండా వెళ్లింది. ఇన్నర్ రేసులో బాల్స్ నడిచిన దారి ఏటవాలుగా ఉంటే యాక్సిల్ బెండ్ అనుమానించాలి. దాన్ని వి-బ్లాకుల (వి ఆకారపు గాడి ఉన్న దిమ్మలు) మీద పెట్టి తిప్పుతూ డయల్ గేజ్‌తో వంకర చూడండి, లిమిట్ మీ బండి మాన్యువల్లో ఉంటుంది. ఔటర్ రేసు బయటి ముఖం అద్దంలా మెరుస్తుంటే అది క్యారియర్‌లో తిరుగుతోంది.

చైన్ మరీ బిగువుగా ఉంటే మొదట పోవాల్సింది స్ప్రాకెట్ వైపు బేరింగు. మీది డిస్క్ వైపు కాబట్టి చైన్‌ను చివరికి వదిలేయొచ్చు.

గేర్ పన్ను:
ఇంకో గుర్తు కూడా ఉంది. రెండు ఔటర్ రేసుల్లోనూ దారి క్యారియర్ మధ్యకు, ఇన్నర్ రేసుల్లో బయటికి జరిగి ఉంటే లోపలి స్పేసర్ ట్యూబు (రెండు ఇన్నర్ రేసుల మధ్య ఉండే గొట్టం) పొట్టిది. యాక్సిల్ నట్ బిగించగానే ఇన్నర్ రేసులు రెండూ లోపలికి లాక్కుపోతాయి, బాల్స్ పక్కకు నలుగుతాయి. చక్రం చేత్తో బాగానే తిరుగుతుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు.

వీల్ స్పేసర్ల గురించి: బేరింగుల ఎడం 100, మధ్య నుంచి చక్రం 450 మి.మీ. అనుకోండి. రెండు చక్రాల మీద బరువు సమానంగా పడితే వెడల్పు పెంచినా బేరింగుకు తేడా లేదు. జంప్ నుంచి ఒక్క చక్రం మీద దిగితేనే తంటా: దగ్గరి బేరింగుకు ఆ బరువుకు 5 రెట్లు, అవతలి దానికి ఎదురు దిశలో 4 రెట్లు. 50 మి.మీ. కలిపితే 5.5, 4.5. భారం పెరుగుతుంది, కానీ కొద్ది రోజుల్లో పోవడానికి అదొక్కటే చాలదు.

బురదబండి:
కోసి చూశా. దారులు అచ్చం మీరు చెప్పినట్టే జరిగి ఉన్నాయి. క్యారియర్‌లో రెండు మెట్ల (ఔటర్ రేసులు ఆనే అంచుల) మధ్య దూరం కంటే స్పేసర్ 0.4 మి.మీ. పొట్టి. పైగా డిస్క్ వైపు సీటులో (బేరింగు కూర్చునే రంధ్రంలో) బేరింగు చేత్తోనే దిగుతోంది.

లేత్‌పని:
అయితే రెండు జబ్బులు. స్పేసర్ కొత్తది తిప్పించండి, మెట్ల దూరం కంటే 0.1 మి.మీ. పొడుగు, చివర్లు సమాంతరంగా. సర్క్లిప్ (బేరింగు బయటికి రాకుండా పట్టే స్ప్రింగ్ రింగు) ఉన్న వైపు బేరింగును ముందు మెట్టు దాకా దించి సర్క్లిప్ వేయండి. తర్వాత స్పేసర్. రెండో బేరింగును స్పేసర్‌కు ఆనేదాకే దించి ఆపండి, మెట్టుకు తగలనక్కర్లేదు. నొక్కేది ఎప్పుడూ ఔటర్ రేసునే.

సీటును బోర్ గేజ్‌తో నాలుగు దిక్కులా కొలవండి. 68.00 మి.మీ. దాటితే ప్రెస్ ఫిట్ (నొక్కితేనే దిగే బిగువు) లేనట్టే. వదులు 0.1 మి.మీ. లోపైతే లాక్‌టైట్ 641 (బేరింగును సీటులో పట్టి ఉంచే జిగురు) పనిచేస్తుంది. నూనె జాడ లేకుండా తుడిచి, వేశాక 24 గంటలు కదపొద్దు. అంతకు మించితే సీటులో స్లీవ్ (లోహపు తొడుగు) వేయించాలి, లేదా క్యారియర్ మార్చాలి. సీటులో సెంటర్ పంచ్‌తో గాట్లు పెట్టి బిగువు చేయడం మాత్రం వద్దు. మొనల మీదే ఆనుతుంది, నాలుగు గతుకులకు అవి అణిగిపోతాయి.

గేర్ పన్ను:
సీటు బాగున్న వైపు క్యారియర్‌ను 100 డిగ్రీలకు వేడిచేస్తే బోర్ దాదాపు 0.12 మి.మీ. పెరుగుతుంది, బేరింగు సుత్తి లేకుండా జారుతుంది. లాక్‌టైట్ వైపు వేడి వద్దు. బేరింగు సీ3 క్లియరెన్స్‌ది (బాల్స్‌కూ రేసులకూ మధ్య ఖాళీ కాస్త ఎక్కువున్నది) అడగండి: ఈ సైజులో మామూలుది 6–20 మైక్రాన్లు, సీ3 అయితే 15–33. బిగువు ఫిట్‌లో కొంత క్లియరెన్స్ ఎలాగూ పోతుంది.

సీల్‌కూ బేరింగుకూ మధ్య ఖాళీలో నీటిని తట్టుకునే గ్రీజు దట్టించండి. ప్రెషర్ వాషర్ గన్ సీల్ మీదికి తిప్పొద్దు. లాక్ నట్లు టార్క్ రెంచ్‌తోనే, మాన్యువల్ లెక్క ప్రకారం బిగించండి. మొదటి రైడ్ అయ్యాక ఇంకోసారి చూడండి, నట్ వదులైతే యాక్సిల్ ఇన్నర్ రేసులో తిరగడం మొదలెడుతుంది.