బర్మా యుద్ధం మీద సినిమా తీస్తే ఎవరి కథ చెప్పాలి?

పాతరీలు:
రెండో ప్రపంచ యుద్ధం అంటే తెర మీద నార్మండీ, స్టాలిన్‌గ్రాడ్ కనిపిస్తాయి. బర్మా అరుదు. కనిపించినా ఎలా? 1945లో వచ్చిన హాలీవుడ్ సినిమా ‘ఆబ్జెక్టివ్, బర్మా!’లో అంతా అమెరికన్ సైనికులే చేసినట్టు చూపించారని బ్రిటన్‌లో పెద్ద గొడవైంది. అక్కడ వారానికే తీసేశారు, మళ్లీ 1952లో గానీ వేయలేదు. బ్రిటిష్ వాళ్లు తమ సైనికుల కోసం అడిగారు. కానీ బర్మాలో జపాన్‌తో పోరాడిన బ్రిటిష్ 14వ సైన్యంలో ఎక్కువ మంది మనవాళ్లు. వాళ్ల కోసం ఎవరు అడగాలి?

నా మాట: 1944లో ఇప్పటి నాగాలాండ్‌లో జరిగిన కోహిమా పోరు తీయాలి. ఏప్రిల్ 4 నుంచి జూన్ 22 దాకా జరిగింది. డిప్యూటీ కమిషనర్ బంగళా టెన్నిస్ కోర్టుకు ఇటు బ్రిటిష్ సైన్యం, అటు జపాన్ సైన్యం. గ్రెనేడ్ విసిరితే అందేంత దూరం.

తూర్పుగాలి:
విభేదిస్తున్నాను. అలా తీస్తే రాజుగారి సైనికుడు హీరో, జపాన్ పక్కన నిలిచి పోరాడిన బోస్ ఆజాద్ హింద్ ఫౌజ్ వాళ్లు విలన్లు అవుతారు. 1944 ఏప్రిల్ 14న మణిపూర్‌లోని మొయిరాంగ్‌లో జెండా ఎగరేసింది ఫౌజ్ వాళ్లే కదా. వాళ్లలో చాలామంది సింగపూర్‌లో జపాన్‌కు బందీలైన మన సిపాయిలు, మలయా తోటల్లో పనిచేసిన తమిళ కూలీలు. వాళ్ల వైపు నుంచి తీయండి.

పాతరీలు:
విలన్లుగా ఎందుకు చూపించాలండీ? రెండు వైపులా మనవాళ్లే ఉండటమే అసలు కథ.

కోరంగి:
మీ ఇద్దరి చర్చా చదివాను. ఇద్దరూ తుపాకీ పట్టుకున్నవాడి గురించే మాట్లాడుతున్నారు. మా వైపు రంగూన్‌ని రంగం అనేవాళ్లు. శ్రీకాకుళం, విశాఖ, గోదావరి జిల్లాల నుంచి ఓడెక్కి రంగం వెళ్లిన వాళ్లు రేవులో బస్తాలు మోశారు, మిల్లుల్లో పనిచేశారు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరు మీదే అక్కడ వాళ్లని కోరంగీలు అనేవారు. అది గౌరవంగా పిలిచిన పేరు కాదు.

1941 డిసెంబర్ 23న రంగూన్ మీద జపాన్ బాంబులు పడ్డాయి. డబ్బున్నవాళ్లకు ఓడ టికెట్ దొరికింది. మిగతావాళ్లు నడిచారు. అరకాన్ కొండల మీదుగా కొందరు, సరిహద్దు ఊరు టాము మీదుగా మణిపూర్‌కి కొందరు. కలరా, మలేరియా, ఆకలి. తెల్లవాళ్లకు ఒక దారి, నల్లవాళ్లకు ఒక దారి కూడా పెట్టారు. మొత్తం దాదాపు 5 లక్షల మంది భారతీయులు బర్మా వదిలి వచ్చారని అంచనా. దారిలో పోయినవాళ్లు వేలల్లో. మా తాత పదేళ్ల పిల్లాడిగా నడిచాడు. వాళ్ల అమ్మను ఎక్కడ వదిలేశారో ఆయన చెప్పేవాడు కాదు. ‘వానలో’ అనేవాడు, అంతే.

ఓడలో ముందే వచ్చేసినవాళ్లకు కూడా ప్రశాంతత లేదు. 1942 ఏప్రిల్ 6న విశాఖ, కాకినాడల మీద కూడా జపాన్ బాంబులు పడ్డాయి.

ఎడిటింగ్ టేబుల్:
కోరంగి గారూ, చదివి కాసేపు కూర్చుండిపోయాను. అయినా పని తెలిసినవాడిగా ఒక మాట. రెండున్నర గంటలు జనం నడుస్తూ ఉంటే నిర్మాత డబ్బు పెట్టడు. ‘కంచె’ చూడండి. 2015లో, ఇటలీలో పోరాడిన తెలుగు సైనికుడి కథ. ప్రేమకథ ఉంది కాబట్టే జనం ఆ యుద్ధరంగం దాకా వచ్చారని నా నమ్మకం. ఇటలీ కోసం జార్జియాలో షూట్ చేశారు. జాతీయ అవార్డు కూడా వచ్చింది.

కోరంగి:
‘కంచె’ నాకూ ఇష్టమే. కానీ అక్కడ ప్రేమకథకు కులం అనే గోడ ఉంది, యుద్ధానికీ దానికీ పొత్తు కుదిరింది. ఇక్కడ తల్లిని మోసుకుంటూ నడిచే కొడుకు చాలడా? ఎనిమిది ఎపిసోడ్ల సిరీస్ అనుకోండి. వేల మంది సైనికులు, ట్యాంకులు అక్కర్లేదు. ఒక కుటుంబం, ఒక దారి, ముంచుకొస్తున్న వానాకాలం. నీళ్ల కుండ దగ్గర ఎవరికి ముందు అన్నదానిలోనే కావలసినంత టెన్షన్ ఉంది.

ఇంఫాల్‌లో మూడేళ్లు:
ఉద్యోగం మీద అక్కడ ఉన్నాను. ఆ యుద్ధాన్ని వాళ్లు ‘జపాన్ లాన్’ అంటారు, జపాన్ యుద్ధం అని. మనం బర్మా యుద్ధం అంటున్నది వాళ్ల ఇంటి ముంగిట జరిగింది. నాగా, మణిపురి మనుషుల్ని దారి చూపించి మాయమయ్యే పాత్రలుగా రాయకండి, దయచేసి. వాళ్ల మాటలు వాళ్ల భాషలోనే వినిపించండి, కింద తెలుగు వేయండి.

పాతరీలు:
ఒప్పుకుంటున్నాను. మొదటి నాలుగు ఎపిసోడ్లు కోరంగి గారివి. కానీ టెన్నిస్ కోర్టు వదులుకోలేను. నడిచి వచ్చిన ఆ కుర్రాడి అన్న, రెండేళ్లకు సైన్యంలో చేరి అదే కొండల్లోకి తిరిగి వెళ్తే?

కోరంగి:
అన్న వెళ్లనివ్వండి. కానీ తమ్ముడిని మాత్రం ఇంటి దగ్గరే ఉంచండి. చివరి ఎపిసోడ్‌లో వాన పడుతుంటే వాడు బయటికి రాకూడదు. మా తాత వచ్చేవాడు కాదు.