మాటిమాటికీ క్రూప్ (స్వరపేటిక దగ్గర వాచి వచ్చే దగ్గు) వస్తే గొంతులోకి కెమెరా వేసి చూడాల్సిందేనా?

గోరింట:
మా వాడికి రెండున్నరేళ్లు. పగలంతా ఆడుకుంటాడు. అర్ధరాత్రి ఉన్నట్టుండి కుక్క మొరిగినట్టు దగ్గు, బొంగురు గొంతు, కీచుమని శబ్దం. తెల్లారేసరికి చాలావరకు తగ్గుతుంది. ఈ ఏడాది ఇది మూడోసారి. ఒక డాక్టరు ఎలర్జీ అన్నారు, ఇంకొకరు మత్తిచ్చి ఎండోస్కోపీ చేద్దామంటున్నారు. అవసరమా?

చిట్టితండ్రి:
అవసరమే. ఒకసారైతే వైరస్ అనుకోవచ్చు, ఇన్నిసార్లా? మా పాపకి లోపల చూడకుండా స్టెరాయిడ్ ఇచ్చుకుంటూ పోయారు. చివరికి స్వరపేటిక కింద హిమాంజియోమా, అంటే రక్తనాళాల గడ్డ, బయటపడింది. స్టెరాయిడ్ పడితే అదీ కాస్త కుంచించుకుపోతుంది. దాంతో ప్రతిసారీ క్రూప్ తగ్గిందనే అనుకున్నాం.

రాత్రిడ్యూటీ:
పిల్లల డాక్టర్ని. మీ పాపకు అప్పుడెన్ని నెలలు? ఆ గడ్డ సాధారణంగా మొదటి ఆరు నెలల్లోనే బయటపడుతుంది. క్రూప్ ఎక్కువగా వచ్చేది 6 నెలలకూ 3 ఏళ్లకూ మధ్య. అంతకన్నా చిన్నపిల్లలకు వస్తే నేనూ స్కోప్ అడుగుతాను. జబ్బు లేని రోజుల్లోనూ కీచు వినిపిస్తున్నా, స్టెరాయిడ్‌కి లొంగకపోయినా అంతే. ఇవేవీ లేని పిల్లాడికి మత్తెందుకు? జ్వరం లేకుండా రాత్రి వచ్చి పొద్దున్నే పోయే రకం ఎలర్జీ, ఆస్తమా ఉన్న పిల్లల్లో తరచూ కనిపిస్తుంది.

చిట్టితండ్రి:
నాలుగు నెలలు. కానీ డాక్టర్ గారూ, ‘ఎలర్జీ’ అని రాసి పంపేస్తే జబ్బు తేల్చినట్టేనా? కడుపులో ఆమ్లం పైకి తన్నుతోందా, ఏదైనా గింజ ఇరుక్కుందా అని ఎవరైనా అడిగారా?

రాత్రిడ్యూటీ:
అడగాలి, కాదనను. గోరింట గారూ, ఆ శబ్దం ఊపిరి పీల్చేటప్పుడా, వదిలేటప్పుడా? వదిలేటప్పుడు పిల్లికూతలైతే ఆస్తమా వైపు చూడాలి. ఈసారి ఫోన్‌లో వీడియో తీయండి, మా దగ్గరికొచ్చేసరికి ఏమీ వినిపించదు. కానీ ఊరికే కూర్చున్నా కీచు వస్తుంటే, పక్కటెముకల మధ్య లోపలికి లాగేస్తుంటే, చొంగ కారుతుంటే వీడియో సంగతి వదిలేసి ఆసుపత్రికి పరుగెత్తండి. పుట్టినప్పుడు ఏమైనా ఇబ్బందులున్నాయా?

గోరింట:
పీల్చేటప్పుడేనండీ. నెలలు నిండకుండా పుట్టాడు, కొన్నాళ్లు వెంటిలేటర్ మీద ఉంచారు. ఇది ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

రాత్రిడ్యూటీ:
అయితే స్కోప్ చేయించండి. వెంటిలేటర్ కోసం అప్పట్లో గొంతులో వేసిన గొట్టం వల్ల స్వరపేటిక కింద మచ్చ కట్టి దారి సన్నబడి ఉండొచ్చు. అలాంటి చోట ఇలా కీచు రావడానికి మామూలు జలుబు వాపే చాలు. దగ్గు పూర్తిగా తగ్గి కొన్ని వారాలు గడిచాకే చేయించండి. ఇప్పుడే చూస్తే ఏది వాపో, ఏది మచ్చో తేలదు.