సైకో కిల్లర్ సినిమాలో చివరికి కిల్లరే దొరక్కపోతే అది మోసం కాదా?

మారతహళ్ళి_మావ:
గురువులూ ఒక డౌటు. మొన్న శనివారం పీజీలో నలుగురం కూర్చుని 'మెమొరీస్ ఆఫ్ మర్డర్' చూశాం, 2003 కొరియన్ సినిమా, 'పారసైట్' తీసిన బాంగ్ జూన్ హోదే. రెండు గంటల పైన గోళ్ళు కొరుక్కుంటూ చూస్తే వాడెవడో చెప్పకుండానే ఎండ్ కార్డ్ వేసేశాడు. మా అనంతపురం రూమ్మేట్ "ఏందప్పా ఇది, ఇంతసేపు కూర్చోబెట్టి" అని ఒకటే తిట్టు. 'రాక్షసుడు' లాంటివాటిలో వాడెవడు, ఎందుకలా తయారయ్యాడు అని మొత్తం విప్పి చెప్తారు కదా. నాకైతే నచ్చింది కానీ ఎందుకో వాడికి చెప్పలేకపోతున్నా, కాస్త పాయింట్లు ఇవ్వండి.

వేళచ్చేరి_వాసి:
స్పాయిలర్లు ఉన్నాయి, చూడనోళ్ళు ఇక్కడే ఆగండి. బ్రో అది నిజం కేసు. కొరియాలోని హ్వాసోంగ్‌లో 1986 నుంచి 1991 దాకా పది హత్యలు, సినిమా తీసేనాటికి వాడు దొరకనేలేదు, ఇంక డైరెక్టర్ ఎవణ్ణి పట్టుకొచ్చి చూపిస్తాడు? చివర్లో పోలీసు వేషం వేసిన సాంగ్ కాంగ్ హో సూటిగా కెమెరాలోకి చూస్తాడు చూడు, అసలు కిల్లర్ ఎప్పుడో ఒకరోజు ఈ సినిమా చూస్తాడనే డైరెక్టర్ ఆ షాట్ పెట్టాడు. 2019లో డీఎన్‌ఏ కలిసి దొరికాడు, లీ చున్ జే అని, అప్పటికే మరదలి హత్య కేసులో ఏళ్ళ తరబడి జైల్లోనే ఉన్నాడు. సినిమా చూశాను, ఏమీ అనిపించలేదు అని కోర్టులో చెప్పాడంట!!

అడయార్_అన్న:
నిజం కేసైతే ఏంటండీ, టికెట్ కొన్నవాడికి జవాబు కావాలా వద్దా. 2018లో ఇక్కడ థియేటర్లో 'రాత్ససన్' చూశా, మన 'రాక్షసుడు'కి ఒరిజినల్. హీరో డైరెక్టర్ అవుదామని సైకోల మీద పేపర్ కటింగులు పోగేసుకుని, అది కుదరక ఎస్సై అవుతాడు, ఆ పిచ్చే కేసులో పనికొస్తుంది. పైన జిబ్రాన్ బీజీఎమ్. ఫ్లాష్‌బ్యాక్ కాస్త సాగదీశాడు, ఒప్పుకుంటా, కానీ ఇంటికెళ్ళి హాయిగా పడుకున్నాం.

బిటిఎం_బాబాయ్:
హాయిగా పడుకోనివ్వకపోవడమే అసలు సంగతి అన్నా. ఆ కొరియన్ సినిమా కిల్లర్ గురించి కాదు, పోలీసు గురించి. మొదట్లో ఏమంటాడు, మనిషి కళ్ళలోకి చూస్తే చాలు చెప్పేస్తా అంటాడు. ఆ ధీమాతోనే దొరికినోణ్ణల్లా కుళ్ళబొడిచి, దొంగ సాక్ష్యం సృష్టించి, నువ్వే చేశావని ఒప్పిస్తారు. చివర్లో ఆ కళ్ళే మనవైపు తిప్పి చూస్తాడు, ఇప్పుడు ఏమీ తెలియదు వాడికి. అనంతపురం అబ్బాయికి ఇది చెప్పు మావా. ఇంకోటి, నిజం కేసులో ఎనిమిదో హత్యకి వేరే మనిషిని లోపలేశారు, 20 ఏళ్ళు జైల్లో ఉన్నాడు పాపం, 2020 డిసెంబర్లో నిర్దోషి అన్నారు. ఇదంతా తెలిశాక ఆ తన్నే సీన్లకి నవ్వు రాదు, మొదటిసారి మేమూ నవ్వాం.

మారతహళ్ళి_మావ:
కళ్ళ పాయింట్ అదిరింది బాబాయ్. ఇలాగే కేసు తేలని సినిమా ఇంకోటి చెప్పండి, ఈ వీకెండ్‌కి.

వేళచ్చేరి_వాసి:
హాలీవుడ్ డైరెక్టర్ డేవిడ్ ఫించర్ తీసిన 'జోడియాక్', 2007. పోలీసులకంటే పేపర్ ఆఫీసులో కార్టూనిస్టుకి ఎక్కువ పిచ్చి పడుతుంది. రెండున్నర గంటలు దాటుతుంది, ఆఫీస్ అయ్యాక నైట్ పెట్టుకోకు, ఆదివారం పొద్దున చూడు.