సీజన్ల తలకాయ మొద్దుబారుతుంది, ఏం జేస్తే ఆగుతది?

మిల్లు_గుమస్తా (మిర్యాలగూడ):
యాసంగి వడ్లు మొదలైనకాడికెళ్లి పొద్దుగాల 8కి పోతే రాత్రి 11కి ఇంటికొస్తున్న. మొన్న కాంటా చిట్టీల 64 క్వింటాళ్లకు 46 రాసిన. రైతు చిట్టీ నా ముంగట పెట్టి "18 క్వింటాళ్లు ఏడబాయె సారూ" అంటుండు, అంకె కండ్లకు కనబడుతనే ఉంది గానీ తప్పేందో బుర్రకెక్కుతలేదు. బ్రెయిన్ ఫాగ్ అంటరంట దీన్ని. రాకుండ మీరేం జేస్తున్నరు?

పాలమూరు_పంతులు:
చాయ్ ఎన్ని తాగుతవన్నా?

మిల్లు_గుమస్తా:
ఆరేడు. లారీలు లైన్ల ఉంటే అడగకున్న పోస్తరు.

పాలమూరు_పంతులు:
గదే మరి. ఒంట్ల అడెనోసిన్ అనేది జమైతుంటే మనకు నిద్రొస్తది, కెఫీన్ దానికి అడ్డం పడతది అంతే, అలసట ఏడికీ పోదు. తాగిన కెఫీన్ల సగం దిగనీకె దాదాపు 5 గంటలు పడతది, అంటే రాత్రి 7కి తాగింది 12కి కూడ సగం ఒంట్లనే ఉంటది. ఇగ నిద్రేడ పడతది? పెద్దోళ్లకు 7 గంటలన్న నిద్ర కావాలె.

ల్యాబ్_అక్క (నల్లగొండ):
బి12, థైరాయిడ్, హిమోగ్లోబిన్, షుగర్ చూపించుకో తమ్మీ. ఇవి తేడా ఉన్నా గిట్లనే ఉంటది.

జడ్చర్ల_షిఫ్ట్:
15 గంటలు పనిజేసెటోనికి చాయ్ లెక్కలు చెప్తరేంది! వారానికి 55 గంటలు దాటితే, 35-40 గంటలు చేసెటోళ్లకంటే పక్షవాతం ముప్పు 35 శాతం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021ల చెప్పినయి. వారానికి 48 గంటలే, మించితే డబుల్ కూలి అని 1948ల ఫ్యాక్టరీల చట్టంలనే రాసిండ్రు. సేటును అడుగన్నా.

పాలమూరు_పంతులు:
చాయ్ సాయంత్రం 5 దాటినంక బంద్ చేసి వారం చూడుమంటున్న, తప్పా?

జడ్చర్ల_షిఫ్ట్:
మళ్ల చాయే! నేను ఒక కంపెనీల నైట్ మీద డే డ్యూటీ చేసి చేసి బస్సుల కూసుంటే దిగాల్సిన స్టాప్ దాటిపోయేది, దిగినంక ఇంటితొవ్వ యాదికి రాకపోయేది. రెండో షిఫ్ట్ వద్దన్న, నెల తిరగకముందే తీసేసిండ్రు. చాయ్ తాగకపోతే నౌకరి ఉండేదా?

పాలమూరు_పంతులు:
నీకు పోయింది, ఇప్పుడు ఆయనది గూడ పోగొడతవా? మా నాయన బొంబాయికి వలసపోయి తట్టలు మోసిండు. గంటలు తగ్గించమంటే మర్నాడు ఇంకొకడు ఆ తట్ట ఎత్తుకునేటోడు. ఉన్న పనిలనే పానం ఎట్ల కాపాడుకోవాలె అన్నదే మాకు చెప్పిండు, మధ్యాహ్నం తిన్నంక అర్ధగంట ఒరిగేటోడంట ఎవరేమన్నా. నేను చెప్పేది గది.

జడ్చర్ల_షిఫ్ట్:
పెద్దాయనకు దండం. కానీ అందరం గట్లనే ఊకుంటే అడిగేదెవరు?

సూర్యాపేట_సుజ్జి:
మా ఆయన గూడ సీజన్ల 11కి వచ్చి 1 దాక ఫోనే. పోయిన ఆ రెండు గంటలకు సేటుదేం తప్పు లేదు.

మిల్లు_గుమస్తా:
మీరు కొట్లాడకుండ్రి. అసలు సంగతి వేరే. బిడ్డ ఇంటర్ ఫీజుకు సేటుకాడ 40 వేలు అడ్వాన్స్ తీసుకున్న. ఏ నోటితోటి అడగాలె?

జడ్చర్ల_షిఫ్ట్:
గీ మాట ముందుగాలనే చెప్పొద్దా అన్నా. అయితే గంటలు అడగకు. రాత్రి 8 దాటినంక రాసే చిట్టీ ఇంకో మనిషి ఒకసారి చదివి సంతకం పెట్టాలె, లేకుంటే రైతు ముంగట మిల్లు పేరు పోతదని చెప్పు. అది సేటుకు గూడ అక్కరకొచ్చేదే.

పాలమూరు_పంతులు:
ఇది మంచిగుంది. రేపే అడుగు.

మిల్లు_గుమస్తా:
అడుగుత. అక్కా, ఆదివారం నల్లగొండ వస్తున్న, రక్తమిచ్చేటప్పుడు తినిరావాల్నా?

ల్యాబ్_అక్క:
షుగర్ గూడ చూస్తం కదా, పరగడుపున రా. నీళ్లు తాగొచ్చు. చాయ్ తాగి రాకు.